సొంతంగా నడిచారు

ఆదివారం, ఏప్రిల్ 6
మధ్యాహ్నం, స్టాఫ్ గది

పన్నెండో గది అమ్మగారి పెద్దమ్మాయి గారికి,

మూడో అంతస్తులో మీ అమ్మగారిని చూసుకున్న పిల్ల నమస్కారాలు చెప్పి రాస్తున్న సంగతులు. మీరూ మీ ఇంట్లోవాళ్ళూ బాగున్నారని తలుస్తాను. నా సంగతి అడగకండి. నేను బడి మధ్యలో మానేసినదాన్ని. ఈ వృద్ధాశ్రమంలోని మందుల చీటీలూ రూల్సు పుస్తకమూ ముందేసుకుని చదవడం, రాయడం నేర్చుకున్నాను. మాట కటువుగా ఉంటే సర్దుకోండి అక్కా. సర్దుకోకపోయినా రాయడం ఆపను.

మీరు మేనేజరుకు రాసిన ఉత్తరం చదివాను. ఆయన దాన్ని బల్ల మీద పడేసి టీకి పోయాడు. మూడు అడిగారు మీరు. బిల్లు ఎలా వేస్తారు, లైసెన్సు ఏం చెబుతుంది, మంచం దిగలేని మనిషి గురించి రోజువారీ షీటులో సొంతంగా నడిచారు అని ఎవరు రాశారు. ఆయన మీకు జవాబివ్వడు. గురువారం అధికారి ముందు జరిగే విచారణలో తప్పంతా ఆ రోజు డ్యూటీలో ఉన్న కొత్తమ్మాయి మీదికి తోసి చేతులు దులుపుకుంటాడు. ఆ పిల్ల ఉద్యోగం పోతుంది, ఇంకెక్కడా దొరకదు కూడా. అందుకే రాస్తున్నాను.

ముందు బిల్లు. గదీ తిండీ ఒక లెక్క. అది రంగుల పుస్తకంలో అచ్చు వేసి మీ చేతికిస్తారు. సాయం ఇంకో లెక్క. దాన్ని చివరి పేజీలో చీమలంత అక్షరాల్లో వేస్తారు. సాయానికి మూడు మెట్లు. మాత్రలు అందిస్తే ఒకటి, స్నానం చేయించి బట్టలు మారిస్తే రెండు, మంచం మీది నుంచి కుర్చీలోకి దించితే మూడు. మెట్టు పెరిగినప్పుడల్లా బిల్లు మూడో వంతు పెరుగుతుంది. ప్రతి గది తలుపు వెనకా ఒక షీటు వేలాడుతుంది. చేసిన ప్రతి సాయానికీ మేము అందులో టిక్కు పెట్టాలి. సాయం లేకుండా లేస్తే సొంతంగా నడిచారు అని రాయాలి. శనివారం నర్సు ఆ టిక్కులు కూడి మెట్టు తేలుస్తుంది. మంచం వైపు చూడదు.

ఇక లైసెన్సు. ఒక్క మనిషి చెయ్యందిస్తే లేవగలిగినవాళ్ళే ఇక్కడ ఉండాలి. ఇద్దరు పట్టి లేపాల్సి వస్తే నెలలోపు రాత్రింబవళ్ళు నర్సులుండే హోముకు పంపేయాలి. అక్కడ ఖర్చు రెండింతలు. రూలు తప్పని అనను. నిప్పంటుకుంటే అలాంటి మనిషిని ఎవరు మోసుకెళ్తారు? కానీ తనిఖీ అధికారి ఏడాదికోసారి, అదీ వారం ముందు కబురు పెట్టి వస్తాడు. మొన్న డిసెంబరులో వచ్చి షీట్లు తిరగేసి పోతుంటే మీ అమ్మగారు ఆపారు. బాబూ, టిక్కెట్లు చూసుకుని దిగిపోతే ఎలా, బస్సులో జనాన్ని కూడా ఓసారి చూడు అన్నారు. ఆయన నవ్వుకుంటూ పోయాడు.

ఇరవై ఎనిమిదేళ్ళు కండక్టరు చేసిన గొంతు కదా, కాళ్ళు చచ్చుబడినా అది చచ్చుబడలేదు. నేను ఎత్తుతుంటే రైట్ రైట్ అనేవారు. కుర్చీలో దించాక హోల్డాన్. నన్ను మొద్దు పిల్లా అనేవారు. ఇంకెవరైనా అంటే ఊరుకునేదాన్ని కాదు.

మీ మీదా నాకు కోపం ఉంది. జనవరిలో వచ్చినప్పుడు మీరు వరండాలో మేనేజరుతో, రెండో మెట్టుకే మా ఆయన ఓవర్‌టైం అంతా ఊడ్చుకుపోతోంది సార్, ఇంకో మెట్టంటే నా వల్ల కాదు అన్నారు. తలుపు తీసే ఉంది. అమ్మగారు విన్నారు. మీరు వెళ్ళాక, ఏమే మొద్దు పిల్లా, కదలని కాళ్ళకి ఇంత చార్జీ ఏమిటే అన్నారు.

మార్చి నెల మధ్యలో నడుము పట్టేసి నేను వారం సెలవు పెట్టాను. నా బదులు కొత్తమ్మాయిని వేశారు. మూడు రోజులు మంచం మీదే అన్నీ చేసిందట. నాలుగో రోజు పొద్దున కుర్చీలోకి దించుదామని ఆ పిల్ల షీటు చూసింది. పది వారాలుగా వరసగా ఒకటే మాట, సొంతంగా నడిచారు అని. మీరు నడుస్తారా అమ్మగారూ అని అడిగిందట. ఆఁ, నడుస్తానే, నువ్వు తువ్వాలు చూడు అన్నారట. పిల్ల అటు తిరిగింది. మంచం పక్కనే పడిపోయారు. ఆసుపత్రిలో మూడో రోజు పోయారు. ఆ తర్వాతిదంతా మీకు తెలుసు.

మీకు తెలియనిది ఒకటుంది. ఆ గది ఇంకా ఖాళీగానే ఉంది. అయినా వరండా బోర్డు మీద, మంచం దగ్గరి బెల్లు నొక్కితే వెలగాల్సిన పన్నెండో నంబరు దీపం దానంతటదే వెలుగుతుంది. ఎలక్ట్రీషియను రెండుసార్లు విప్పి చూసి, తీగలన్నీ బాగానే ఉన్నాయి, నీకే ఏదో అయింది అన్నాడు. వెలిగినప్పుడల్లా నేను వెళ్తాను. వెళ్ళకుండా ఎలా ఉండను? మంచానికి పరుపు కూడా లేదు. వంగి చేతులు చాపుతాను. చేతుల్లోకి బరువు వస్తుంది అక్కా. నిజంగా వస్తుంది. దాన్ని ఎక్కడ దించాలో తెలియక, ఎవరో ఒకరు వచ్చి కేకేసే దాకా అలాగే నిలబడతాను.

సెలవు.

ఇట్లు,
మూడో అంతస్తు పిల్ల

తా.క.: మూడో ప్రశ్నకు జవాబు రాయకుండానే కవరు అంటించాను. మళ్ళీ చింపాను.

షీటులో ఆ మాట రాసింది నేనే. మీరు వరండాలో మాట్లాడిన రోజు నుంచి. ఆమెను లేపడానికి ఇద్దరు కావాలి, నేనొక్కదాన్నే ఎత్తాను, టిక్కు పెట్టలేదు. మేనేజరుకు పైసా ఎక్కువ దక్కనివ్వకూడదని నా పంతం. ఆమెను ఇక్కడి నుంచి పంపేస్తారని భయం కూడా. సెలవుకు వెళ్తూ కొత్తమ్మాయికి ఒక్క మాట చెప్పాల్సింది. ఆ పిల్ల నర్సు చెవిన వేస్తుందేమోనని చెప్పలేదు.

గురువారం ఈ కాగితం అధికారి ముందు పెట్టండి. షీట్ల మీది రాతతో పోల్చి చూడమనండి. నేనూ వస్తాను.

ఇంకొకటి. అమ్మగారికి, కొత్తవాళ్ళెవరైనా అడిగితే నడుస్తానని చెప్పండి, మిగతాది నేను చూసుకుంటాను అని నేర్పింది కూడా నేనే. సరేలేవే అన్నారు. అన్నట్టే చెప్పారు.