ఎడమ సీటు

డిసెంబర్ 9, 2008. మంగళవారం. వ్లదివస్తోక్.
చేపలు తోమాను. కిటికీ సందుల్లో దూది కుక్కాను. దుప్పట్ల ఇస్త్రీ సగమే అయింది. జపాన్ నుంచి వచ్చే పాత కార్ల మీద సుంకం పెంచుతారని టీవీలో చెప్పారు. వాటికుండే కుడివైపు స్టీరింగే ఉండకూడదని కూడా అంటున్నారట. మాస్కోకి రైల్లో వారం. జపాన్‌కి ఓడలో రెండు రోజులు. సోవియట్ కాలంలో ఈ ఊరి తలుపులు బయటివాళ్ళకి మూసి ఉంచినన్నాళ్ళూ మమ్మల్ని ఎవరూ తలుచుకోలేదు. తెరిచాక, కరెంటు లేని ఆ చలికాలాల్లో, నావికులు డెక్కు మీద తెచ్చిన కార్లే సగం ఊరికి తిండి పెట్టాయి. ఇప్పుడు మాస్కోకి గుర్తొచ్చామా?

డిసెంబర్ 10.
సుంకం వద్దంటూ ఆదివారం ఊరంతా కార్లతో రోడ్డెక్కుతుందట. మా ఆయన వాదిమ్‌ది రేవులో ఆఫీసు ఉద్యోగం. ఆదివారం ఆ గుంపులో కనపడినవాళ్ళు ఇక ఇంట్లోనే ఉండొచ్చని పై అధికారి చెప్పాడట. మన టొయోటాకి బేరం కుదిరింది, అమ్మేసి బుద్ధిగా ఎడమ స్టీరింగ్ ఉన్న మన దేశపు లాదా కొందాం అన్నాడు.
అందులో నాకేం పని అన్నాను.
పనెందుకు, మహారాణిలా కూర్చో అన్నాడు.
మా రోడ్ల మీద బళ్ళు కుడి పక్కన నడుస్తాయి. కుడి స్టీరింగ్‌తో ముందు బండిని ఓవర్‌టేక్ చేయాలంటే డ్రైవరుకి ఎదురు రోడ్డు కనపడదు. ఎడమ సీట్లోంచి నేను తొంగి చూసి పో అంటే పోతాడు, ఆగు అంటే ఆగుతాడు. పెళ్ళయినప్పటి నుంచి నా మాట చెల్లేది ఆ సీట్లోనే. అమ్మనివ్వను.

డిసెంబర్ 12.
బోర్ష్ సూప్ మాడింది. తిన్నాడు.

డిసెంబర్ 14. ఆదివారం.
ఆయన కోటు జేబులోంచి తాళాలు తీసుకుని కిందికి దిగాను. ఇంటి చెప్పులతోనే పరిగెత్తుకొచ్చి ఎడమ సీట్లో కూలబడ్డాడు. పిచ్చెక్కిందా రిమ్మా, దిగు అన్నాడు. ఆ చెప్పులతో మంచులోకి నువ్వే దిగు అని బండి తీశాను.
కొండ మలుపులో ముందున్న బస్సు ఆగిపోయింది. నాకేమీ కనపడదు. వెనక హారన్లు. దారి ఉందా అని అడిగాను. ఇంటికి పద అన్నాడు. అడిగింది అది కాదు, దారి ఉందా అన్నాను. టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు. చాలాసేపటికి అద్దం దించి తల బయటపెట్టాడు.
పో అన్నాడు.
రేవు పక్క వీధి నిండా కుడి స్టీరింగ్ కార్లే. పోలీసులు బారులు తీరి ఉన్నారు. వాళ్ళ ముందు అందరూ హారన్ మోగిస్తూ పోతుంటే నేను నొక్కలేకపోయాను. మా ఆయనే అడ్డంగా చెయ్యి చాపి హారన్ నొక్కాడు. నొక్కిన చెయ్యి తీయలేదు.

డిసెంబర్ 15.
మధ్యాహ్నానికే ఇంటికొచ్చాడు, ఆఫీసులోని తన టీ కప్పు పట్టుకుని. ఇక ఇంట్లోనే ఉండమన్నారట. బేరగాడికి ఫోన్ చేసి, బండి అమ్మం పొమ్మన్నాడు. బంగాళదుంపలు తొక్క తీయమన్నాను. మందంగా తీశాడు.

డిసెంబర్ 16.
పై అంతస్తు లిదియాకి చక్కెర బాకీ. ఇవ్వబోతే తీసుకోలేదు. ఆదివారం ఆ హారన్ల మోత బాగా వినాలని, మంచం పట్టిన వాళ్ళాయన కిటికీ తెరవమన్నాడట. బాకీ చెల్లు.