ఇరవై తొమ్మిది ఉదయాలు కొట్టివేయవద్దని మనవి

పరిశోధక పట్టాల విభాగం డీన్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా ఆఖరి చెల్లెలి సిద్ధాంత గ్రంథం నుండి నన్ను తొలగించవద్దని కోరుట గురించి.

మనుషుల నడవడికనూ, కంప్యూటర్లనూ, ఇంజనీరింగునూ కలిపి తమరు నేర్పించే డాక్టరేటు చదువులో మా చెల్లెలు అయిదో ఏడాది విద్యార్థిని. మనిషి ఏం చేస్తున్నదీ కదలికలు పసిగట్టే చేతి పట్టీని బట్టి యంత్రం కనిపెట్టడం ఆమె పరిశోధన. పట్టీ కట్టుకున్న నలభై మందిలో నేను పదకొండో మనిషిని.

1. ముప్పై రోజులూ తెల్లవారుజామున నలభై నిమిషాలు ప్రార్థనకు కూర్చున్నాను. కూర్చుంటే కదలను. నా నోటుపుస్తకంలో నేను 'ప్రార్థన' అని రాసేదాన్ని. యంత్రం 'పట్టీ చేతికి లేదు' అని రాసేది. ముప్పయ్యో రోజు మాత్రం రెండు రాతలూ కలిశాయి.

2. ఇరవై తొమ్మిదో రోజున చెల్లెలి పరిశోధన చూసే గురువులిద్దరూ ఈ రాతలు చూశారు. పట్టీ విప్పి బల్ల మీద పెట్టి ఉంటానని ఇంజనీరింగు గురువుగారి అభిప్రాయం. కదలిక లేనిది నడవడిక కిందికి రాదని నడవడిక గురువుగారి అభిప్రాయం. కాబట్టి ఆ ఉదయాలన్నీ కొట్టివేయమన్నారు. అయిదేళ్లలో వారిద్దరూ ఒక మాట మీదికి రావడం ఇదే మొదలని తెలిసి సంతోషించాను.

3. చెల్లెలు కొట్టివేయనంది. "మా అక్క అక్కడే ఉంది" అని చెప్పి వచ్చింది. అప్పటినుండి ఇద్దరూ గ్రంథం మీద సంతకం పెట్టలేదు. ఈ నెలాఖరుకు గడువు తీరి అయిదేళ్ల చదువూ రద్దవుతుంది. చెయ్యి కాస్త ఆడిస్తూ మళ్లీ ముప్పై రోజులు కూర్చుంటానన్నాను.

"వద్దక్కా. అప్పుడది నీ ప్రార్థన కాదు, నా పరీక్ష" అంది.

4. తమ కార్యాలయానికి వచ్చాను. గుమాస్తాగారు ఫైలు తిరగేసి, "పదకొండో మనిషి పొద్దునపూట లేనట్టు రాసుందమ్మా" అన్నారు. ఆ మనిషిని నేనేనన్నాను. అయితే రాసివ్వమన్నారు. రాసిస్తున్నాను.

కావున గురువులిద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, నాకు పట్టీ కట్టించి, నలభై నిమిషాలు చూడమని ఆదేశించవలసిందిగా మనవి. అంతసేపూ వారు కూడా మాట్లాడకుండా ఉంటే మేలు. నేను ఉన్నానో లేనో తేల్చుకున్నాకే సంతకాలు పెట్టమనండి.

ఈ నాలుగు ముక్కలూ గడువులోగా చిత్తగించవలెనని కోరు,

తమ విధేయురాలు,
పదకొండో మనిషి,
పరిశోధకురాలి పెద్దక్క

తా.క.: ఒకటి దాచి మళ్లీ కళ్లు మూసుకుని కూర్చోలేను. యంత్రం ఒప్పుకున్న ఆ ముప్పయ్యో రోజు నేను ప్రార్థన చేయలేదు. బల్ల మీద తల వాల్చి నిద్రపోయిన పిల్లను మాటిమాటికీ చూస్తూ, దీని చదువు ఏమైపోతుందోనని పట్టీ తిప్పుకుంటూ కూర్చున్నాను. పుస్తకంలో మాత్రం అలవాటుగా 'ప్రార్థన' అనే రాశాను. ఏదో ఒకటి కొట్టివేయక తప్పదంటే ఆ ఒక్క ఉదయం కొట్టివేయండి. ఆ పూట నేను నిజంగానే అక్కడ లేను.