రూతు చేతి వణుకు

1944 సెప్టెంబరు 12, మంగళవారం

ఈ రోజూ వణకలేదు. ఫిడేలు పట్టగానే రూతు ఎడమచెయ్యి కట్టె అయిపోతుంది. "కోడిమెడ పట్టినట్టు పట్టినవ్ బేటీ, ఢీలా ఛోడో, వదులు జెయ్" అని ఆరోగ్యం మాస్టరు మొత్తుకుంటాడు. బొల్లారం పటాలం బ్యాండులో వాయించి వాయించి పింఛను పుచ్చుకున్న మనిషి. ఫిడేలు ఆయనదే. నేర్చుకున్నన్నాళ్ళూ ఉంచుకోమన్నాడు.

అయినా నా సంతోషం పట్టడానికి ఈ పేజీ చాలదు. యాభైకి దగ్గరపడ్డాక పుట్టిన బిడ్డ. కౌకూరులో ఫిడేలు పట్టిన ఆడపిల్ల ఇంకొకతె ఉంటే చూపించమనండి.

సెప్టెంబరు 14

దాని పేరు వైబ్రాటో అట. మా ఇంట్లో దాని పేరు వణుకు. వేలు తీగ మీదనే ఉండాలి, చెయ్యి మాత్రం ఊగాలి. మాస్టరు వాయించి చూపించాడు — ముందు ఊపకుండా, తరువాత ఊపి. ఒకటే స్వరం. మొదటిది గోడకు కొట్టిన మేకు. రెండోది... ఎట్లా రాయాలి. షామీర్‌పేట చెరువు మీద పొద్దుటి ఎండ పడ్డట్టు.

ఇంటికొచ్చేదాకా నేనే కూనిరాగం. నా భార్య మరియ చాటలో బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు — "ముసలాయనకు పెండ్లికళ వచ్చింది" అంది.

సెప్టెంబరు 17, ఆదివారం

గుడి మెట్ల దగ్గర దానియేలు గారు ఆపారు. సంఘం పెద్ద, బడి పంతులు. నాకంటే పదేళ్ళు చిన్న. నవంబరు ఇరవయ్యారున కోత పండుగ ఆరాధనలో రూతు వాయించవచ్చునట. నా కాళ్ళు నేల మీద ఆనలేదు. అంతలోనే —

"పాట సక్కగుండాలె ఎలియన్నా. గా ఊపుడు గీపుడు వద్దు. నాటకాలోళ్ళ మేళమా మనది? ముసలోళ్ళు పాట తప్పుతరు."

"రాకుంటే ఊపదు. వస్తే ఆపదు."

ఎట్లా అన్నానో. అనేశాను. దారంతా నవ్వుకున్నాను.

సెప్టెంబరు 20

ఘోరం చేశాను. రాయడానికి సిగ్గు.

బొటనవేలు ఫిడేలు మెడకు అతుక్కుపోతోంది కదా. గుర్రపు జీన్లు కుట్టి బతికిన చెయ్యి నాది — ఏది బిగిసినా ఆముదం పెట్టడమే తెలుసు. రూతు నీళ్ళకు పోయినప్పుడు మెడకు బాగా పట్టించాను, తోలుకు పట్టించినట్టు. నూనె తీగలకు పాకింది. తీగల నుంచి కమాను వెంట్రుకలకు పాకింది. రూతు వాయించబోతే గాలి తప్ప ఏమీ రాలేదు.

"ఏం జేసినవ్ నాయినా?"

"మెత్తబడుతదనుకున్న బిడ్డా."

కోప్పడలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆ నవ్వే నన్ను ఇంకా కుదిపింది.

సెప్టెంబరు 21

మాస్టరు కమాను వాసన చూసి నా మొహం చూశాడు. "ఎలియా, నీ గుర్రం గాదిది." కుంకుడురసంతో కడిగి నీడన ఆరబెట్టాలట. నాలుగు రోజులు ఫిడేలు ముట్టవద్దట. నన్నైతే ఎప్పటికీ ముట్టవద్దన్నాడు.

అక్టోబరు 3

మాస్టరు కొత్త పాఠం. అగ్గిపెట్టెలో జొన్నలు పోసి ఎడమచేత్తో ఆడించాలి. మణికట్టు వదులైతే జొన్నలు ఒకే దరువులో పలుకుతాయి. రూతు వాకిట్లో పొద్దున్నుంచి ఆడిస్తోంది. మేత అనుకొని మా కోళ్ళన్నీ ఆమె వెంటే.

పెట్టె చక్కగా పలుకుతోంది. ఫిడేలు పట్టగానే మళ్ళీ కట్టె.

అక్టోబరు 9

ఈ రోజు ఏడ్చింది. "నాయినా, దానియేలు పంతులు అన్నట్టే సక్కగ వాయిస్త. ఊపుడు నాతోని గాదు."

సరే అనబోయాను. చేతకాక మానుకోవడం వేరు... కాని రేపు అందరూ ఏమంటారు — పెద్దలు వద్దన్నారు, బిడ్డ విన్నది అంటారు. నా బిడ్డ చెయ్యి రాకముందే ఆయన దాన్ని కట్టేసినట్టు కదా.

అక్టోబరు 10

పొద్దున మరియ బియ్యం చెరుగుతుంటే చాట అంచు మీద ఆమె ఎడమచేతి వేళ్ళు ఆడుతున్నాయి. చూస్తూ నిలబడ్డాను. నా వేళ్ళు కూడా ఆడాయి. నాకు తెలియకుండానే.

మా నాయిన జాతరలకూ చావులకూ డప్పు కొట్టేవాడు. నాకూ నేర్పాడు, ఏడెనిమిదేళ్ళ పిల్లవాడిని. కుడిచేతిలో పొట్టి కర్ర. ఎడమచేతిలో సన్నటి వెదురుపుల్ల, దాన్ని సిటికెన పుల్ల అంటాం. ఆ ఎడమచేత్తోనే డప్పు అంచునూ ఆనించి పట్టాలి. పట్టాలి, పుల్లా ఆడాలి. అందులోనే ఉంది కిటుకంతా.

మాకు బాప్తిస్మం అయిన రోజు పొద్దున నాయిన డప్పును మా పొయ్యిలో పెట్టాడు. ఎవరూ బలవంతపెట్టలేదంటారు. పెద్దలు వచ్చి వాకిట్లో నిలబడ్డారు, అంతే. దాని వేపచెక్క చట్రం కాలడానికి చాలాసేపు పట్టింది. దేవుణ్ణి ఇష్టపడి పట్టుకున్నాను, ఇప్పటికీ వదలలేదు. కాని ఆ డప్పు అడిగింది దేవుడని నేను ఏనాడూ నమ్మలేదు.

ఇన్నేళ్ళకు ఈ మాట రాశాను. రాస్తే తేలికగా ఉంది.

అక్టోబరు 11

చాట తెచ్చాను. చీపురుపుల్ల విరిచాను. రూతును ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

చెయ్యి మరిచిపోలేదు. ముందు తడబడింది, తరువాత పరుగెత్తింది. మరియ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. రూతు నోరు తెరిచి చూస్తోంది.

"నాయినా, గిది నీకెట్లొచ్చు?"

"పుల్లను పట్టుకోవద్దు బిడ్డా. అది పడిపోకుండ సూడాలె, గంతే. ఫిడేలు మెడ గూడ గట్లనే."

చాట మీద చాలాసేపు కొట్టింది. అప్పుడు ఫిడేలు తీసింది. రెండో వేలు పెట్టింది...

వచ్చింది. కొద్దిగా, మేకపిల్ల లేచి నిలబడ్డట్టు. పోయింది. మళ్ళీ వచ్చింది.

నేను వాకిట్లోకి పోయి కోళ్ళతో చెప్పాను. ఇంకెవరూ దొరకలేదు.

అక్టోబరు 12

మాస్టరు ముందు వాయించింది. ఆయన కళ్ళు మూసుకొని విన్నాడు. "ఎవరు నేర్పిన్రు?" రూతు నన్ను చూపించింది. ఆయన లేచి నాకు సలాం చేశాడు. పటాలం సలాం. రాత కుదరడం లేదు, నా చెయ్యి కూడా ఆడుతోంది.

అక్టోబరు 22, ఆదివారం

చాట సంగతి దానియేలు గారి దాకా పోయింది.

"నీ ఇంట్ల డప్పు మోగిందట."

"చాట మోగింది పంతులు."

"నాతో ఆటలొద్దు ఎలియన్నా. మీ నాయిన ఇడిసిపెట్టినదాన్ని నువ్వు మళ్ళ పట్టినవ్. సంఘం ముందల నిలబడి తప్పయిందను. అనేదాక పిల్ల ఫిడేలు గుళ్ళె వినబడొద్దు."

తప్పయిందనను. అక్కడే చెప్పాను, నలుగురూ వింటుండగా. దానియేలు గారు చెడ్డ మనిషి కాదు. మరియకు జ్వరం వస్తే నా కంటే ముందు మందు తెచ్చిన మనిషి. అయినా అనను.

అక్టోబరు 23

మరియ నాతో మాట్లాడటం లేదు. "ఒక్క మాటకు పిల్ల పండుగ పోగొడ్తవా" అని గోడకు చెప్పింది. నేనూ గోడకే చెప్పాను — "పిల్లకు వచ్చింది తప్పు పనా?" గోడ ఎవరి పక్షమో తెలియలేదు.

నవంబరు 7

నాలుగు వేళ్ళూ ఆడుతున్నాయి. చిటికెనవేలు కూడా.

నవంబరు 19, ఆదివారం

రూతే కనిపెట్టింది. "నాయినా, కానుకల వరుసల నిలబడితే ఎవ్వలు ఆపరు గదా."

నిజమే. కోత పండుగకు ఇంటిల్లిపాదీ వరుస కడతాం. పంటో చేతిపనో బల్ల మీద పెట్టి తల వంచాలి, పాస్టరు అయ్యగారు దీవిస్తారు, తరువాత అన్నీ వేలం. వరుసలో ఎవరినీ ఆపకూడదు. గుడి కట్టినప్పటి నియమం. నేను ఏటా చెప్పుల జత పెడతాను.

మరియ వింటోంది. రూతుతో అంది — "నా వెనక నిలబడు. నా చేతుల గుమ్మడికాయ ఉంటది, కనబడవు."

నవంబరు 26, ఆదివారం. కోత పండుగ

నా చెప్పులు పెట్టాను. నా వెనక మరియ గుమ్మడికాయ పెట్టింది. పక్కకు తప్పుకుంది. రూతు తోలుసంచిలోంచి — నేను కుట్టిందే — ఫిడేలు తీసి గడ్డం కింద ఆనించింది.

దానియేలు గారు లేచారు. మేడ్చల్ నుంచి వచ్చిన అయ్యగారు ఆయన చెయ్యి పట్టి కూర్చోబెట్టారు.

పంట పాట. మొదటి చరణం ఊపకుండా వాయించింది. భయపడ్డదా, మాట విన్నదా. రెండో చరణం. మొదటి పొడుగు స్వరం దగ్గర చెయ్యి వదులు చేసింది.

వణికింది. గుడంతా వణికింది. వెనక జొన్నకంకుల మోపులు, కోళ్ళు, వరుస మొత్తం ఆగిపోయింది. పాట తప్పుతారన్న ముసలివాళ్ళే అందుకొని పాడారు, ఒక్కరూ తప్పలేదు. నేను పాడలేదు, ఆమె వేళ్ళనే చూస్తున్నాను.

అక్కడితో అయిపోతే బాగుండు. పాట ముగించి రూతు రెండు చేతులతో ఫిడేలును బల్ల మీద పెట్టి తల వంచింది. ఊహ తెలిసినప్పటి నుంచి ఏటా చేసే పని, చేతులు వాటంతటవే చేసేశాయి. అయ్యగారు దీవించేశారు. అప్పటికిగాని ఆమెకు తెలియలేదు. నా వైపు చూసిన చూపు...

దానియేలు గారు మెల్లగానే అన్నారు. "బల్ల మీద పెట్టినంక దేవునిదే. నేను పెట్టిన నియమం గాదు ఎలియన్నా."

వేలం పాటలో అందరూ అన్నీ పాడుకున్నారు. ఫిడేలును ఎవరూ పాడలేదు. నా మొహం చూసి నోరు తెరవలేదు. నేనే పాడబోతే, మాస్టరు సొమ్మును మనం పాడుకుంటే అది కానుకేనని ఒప్పుకున్నట్టని మరియ చెయ్యి పట్టుకుంది. ఫిడేలు గుడి పెట్టెలోకి పోయింది. తాళం దానియేలు గారి దగ్గర. వచ్చే ఆదివారం నేను సంఘం ముందు తప్పయిందంటే తిరిగి ఇస్తారట.

నవంబరు 27

మాస్టరుకు చెప్పడానికి పోయాం. ఆయన ఫిడేలు మరి. రూతు తల ఎత్తలేదు. అంతా విన్నాడు.

"వణికిందా?"

"వణికింది మాస్టరు."

"జోరుగనా?"

"గుడి మొత్తం విన్నది."

చాయ్ పెట్టమని ఇంట్లోకి కేకేశాడు.

నవంబరు 28

అత్వెల్లి పోయి మేకతోలు తెచ్చాను. నానబెట్టాను. వేపచెక్క వంచాను. చింతగింజలు ఉడికించి జిగురు తీయడం మరిచిపోయాననుకున్నాను — మరియ చెప్పింది. ఆమె నాయినా కొట్టేవాడట. ఇన్నేళ్ళ కాపురంలో ఈ మాట ఇప్పుడు చెప్పింది.

డిసెంబరు 2, శనివారం

రూతు సాధన మానలేదు. ఫిడేలు లేదు కాబట్టి నా ముంజెయ్యి. పీట మీద కూర్చొని చెయ్యి చాపితే వేళ్ళు పెట్టి ఊపుతోంది. ఒకటో వేలు, రెండోది, మూడోది. నరాల మీద పలుకుతున్నట్టే ఉంది. "కదలకు నాయినా" అంటుంది. ఎక్కడికి కదులుతాను.

ఫిడేలు రాకపోతే? అడిగాను. "వస్తదో రాదో. నువ్వైతే తప్పయిందనకు" అంది, వేళ్ళు ఆపకుండానే.

రేపు సంఘం ముందు నిలబడమన్నారు. నిలబడతాను. వట్టి చేతులతో కాదు. డప్పు గోడకు ఆరుతోంది. తోలు బిగిసింది. మంటకు కాచకుండా కొడితే పలకదు, ఇంట్లోనే కాచి గోనెలో చుట్టుకొని పోవాలి.

మరియ ఇప్పుడే వచ్చి అడిగింది —

"రేపు పొయ్యిల ఎన్ని కట్టెలు పెట్టమంటవ్?"