నాలుగు రేకులూ ఒక ఎర్ర బటనూ

కాకినాడ,
6-7-1986

ప్రియమైన నాన్నగారికి,

నేను క్షేమం. హాస్టల్ సాంబారులో మార్పు లేదు, అమ్మ పంపిన మాగాయతోనే నెట్టుకొస్తున్నాను. నాకు కొన్ని వస్తువులు కావాలి. ఫరంపేట సైకిలు షాపులో మెత్తటి స్ప్రింగు ఒకటి, పాత టార్చిలైట్లలో ఉండే ఇత్తడి రేకులు నాలుగు, పీచు గీకి నున్నగా చేసిన సగం కొబ్బరి చిప్ప ఒకటి. చిప్ప అరచేతి కింద ఇమిడేంత ఉండాలి. మన బస్సు కండక్టరుకిచ్చి పంపండి. ఎందుకో తర్వాత చెబుతాను. ఆదివారాలు పని ఉంది, ఈ నెల ఇంటికి రాలేను.

మీ తెరేసా

యానాం,
11-7-1986

ప్రియమైన తెరేసాకు నాన్న ఆశీస్సులు.

నువ్వడిగినవేవీ పంపడం లేదు. కారణం రాస్తున్నాను, చదివి చింపెయ్యి.

ఇక్కడ ఇంట్లో ఉన్న నీ ట్రంకుపెట్టెలో పుస్తకాల కింద ఒక కాగితం దొరికింది. చెక్కపెట్టె, మధ్యలో కడ్డీ, దాని చుట్టూ నాలుగు రేకులు, వాటికి వైర్లు, పక్కన ఎర్ర రంగు వేసిన బటను. బటను మీద ఇంగ్లీషులో ‘ఫైర్’ అని నీ చేతిరాతే. ఇప్పుడు కొబ్బరి చిప్ప అడుగుతున్నావు. చిప్పల్లో మందు కూరి నాటుబాంబులు చేసినవాళ్ళను నేను పట్టుకున్నాను, తల్లీ. కాలేజీ పిల్లలు ఎవరెవరితో తిరుగుతున్నారో కనిపెట్టమని మా స్టేషనుకు కాగితాలు వస్తున్నాయి. హెడ్ కానిస్టేబులు లూయిస్ కూతురి పేరే వాటిలో వస్తే నేనేం చెయ్యాలి?

మీ వార్డెనుకు ఫోను చేశాను. ఆదివారం మధ్యాహ్నాలు చర్చికని సంతకం పెట్టి వెళుతున్నావట. ఆ చర్చి పక్కనే ఉండే మీ పిన్ని మూడు నెలలుగా నిన్ను చూడనే లేదంటోంది. ఎక్కడికి వెళుతున్నావు? ఎవరికోసం చేస్తున్నావు?

అమ్మకు ఏమీ చెప్పలేదు.

నాన్న

కాకినాడ,
15-7-1986

నాన్నగారికి,

పెట్టె వెతికారు, వార్డెనును అడిగారు, పిన్నిని అడిగారు. నన్ను చివర అడిగారు. మొన్నటి నుంచి గేటు దగ్గర వాచ్‌మన్ నా వంకే చూస్తున్నాడు. అది కూడా మీ ఏర్పాటేనా?

నేను చేస్తున్నది బాంబు కాదు, ఆట వస్తువు. ఎవరికోసమన్నది చెప్పలేను. మీరు పోలీసు కాబట్టే చెప్పలేను. ఇంకేమీ అడగకండి. చిప్ప నేనే సంపాదించుకున్నాను.

తెరేసా

యానాం,
21-7-1986

ప్రియమైన తెరేసాకు,

నిన్న కాకినాడ వచ్చాను. నా పాండిచ్చేరి పోలీసు ఎర్ర టోపీకి యానాం పొలిమేర దాటితే విలువ లేదు, అందుకని పంచె కట్టుకునే వచ్చాను. హాస్టలు నుంచి నీ వెనకాలే నడిచాను. సినిమా హాలు పక్క సందులో అమ్మన్న వీడియో గేముల షాపులోకి వెళ్ళావు. తలుపు దగ్గర నిలబడ్డాను, నువ్వు చూడలేదు.

షాపు యజమాని అమ్మన్న, “ఆయ్, రండి. ఆటాడతారా?” అన్నాడు.

“ఆ ఆడపిల్లలేం చేత్తన్నారండీ?”

“పాత మిషను బొమ్మనాడించే కర్ర ఇరిగిపోతే మూలన పడేశానండి. ఆ కూచున్న వరలక్ష్మిగారికి ఎడం చేతికి మూడు వేళ్ళు లేవు, కర్ర పట్టు దొరకదు. అందుకని పక్కనున్న తెరేసాగారు చిప్ప బిగించి కొత్తది చేత్తన్నారు. అరచెయ్యి ఆనిత్తే చాలంట, ఎటు వాల్తే అటు రేకులు కలిసి బొమ్మ పరిగెడతదంట, ఎర్ర బటను నొక్కితే తుపాకీ పేలతదంట.”

“చేతికేవైంది?”

“కాలేజీ వర్క్‌షాపులోనండి. ఫిబ్రవరిలో. డ్రిల్లింగు మిషను దానంతటదే తిరిగేసిందంట. వైరింగు బాగోలేదని ఎలక్ట్రీషియను ఆంథోనీని తీసేశారు.”

నీమీద పెట్టుకున్న అనుమానానికి సిగ్గుపడుతున్నాను. దాన్ని అక్కడే వదిలేశాను. కానీ బస్సులో ఇంకొకటి నాతో వచ్చింది. ఆ అమ్మాయి చిప్ప మీద చెయ్యి ఆనించి నవ్వినప్పుడు నువ్వు తల తిప్పుకున్నావు. ఆ చేతిని ఒక్కసారైనా చూడలేదు. నాకు మిషన్ల సంగతి తెలియదు. ఇరవై రెండేళ్ళుగా దాచుకునేవాళ్ళ ముఖాలు చూస్తున్నాను.

ఎవరూ నొక్కకుండా మిషను తిరుగుతుందా, అమ్మా?

నాన్న

కాకినాడ,
24-8-1986

ప్రియమైన నాన్నగారికి,

నెల దాటినా మీకు జవాబు రాయలేదు. ముందు చెప్పాల్సింది మీకు కాదని ఆగాను.

స్విచ్ నొక్కింది నేనే. వరలక్ష్మి మిషనుకు డ్రిల్లు బిట్టు బిగించి చెయ్యి తీసేసిందనుకున్నాను. వెనక్కి చూడకుండా నొక్కాను. ఆ గోలలో ఎవరో “వైరింగు” అన్నారు. నేను నోరు మూసుకున్నాను. అదివరకు ప్రతి శనివారం మేమిద్దరం అమ్మన్న షాపులో ఆడేవాళ్ళం. ఎప్పుడూ గెలిచేది తనే. తనకు మళ్ళీ ఆట వస్తే నాకు నిద్ర వస్తుందనుకున్నాను. రాలేదు.

మీ ఉత్తరం అందిన మర్నాడు ప్రిన్సిపాలుగారికి రాసిచ్చాను. ఈ టర్ము నన్ను క్లాసులకు రావద్దన్నారు. ఆంథోనీగారిని మళ్ళీ పనిలోకి పిలిచారు. ఆయన ఇంటికి వెళ్ళి నిలబడితే, “ఐదు నెలలమ్మా” అని తలుపేసుకున్నారు.

ఆ ఆదివారం షాపులో వరలక్ష్మికి చెప్పాను. ఆట ఆపేసింది. “ఆంథోనీగారిని తిట్టని రోజు లేదే మా అమ్మ. నువ్వు పక్కనే కూచుని విన్నావు కదే” అంది. లేచి వెళ్ళిపోయింది. మూడు ఆదివారాలు రాలేదు. నేను వెళ్ళి, పెట్టె ముందు కూర్చుని, షాపు కట్టేదాకా ఉండి వచ్చేదాన్ని.

ఈ రోజు వచ్చింది. అమ్మన్నను మిషను పెట్టమంది. చిప్ప మీద చెయ్యి ఆనించి చాలాసేపు ఆడింది. బొమ్మ చచ్చిపోయాక, నా వైపు చూడకుండానే, “ఎడం పక్క రేకు సరిగ్గా తగలట్లేదు” అంది.

స్క్రూడ్రైవరు తీసుకున్నాను. పక్కకు జరగలేదు తను. చెయ్యి కూడా తియ్యలేదు. “నేను చెయ్యి తీశానని చెప్పేదాకా ముట్టుకోకు” అంది. ఆగాను. ఈసారి ఆ చేతినే చూస్తూ ఆగాను.

మీ తెరేసా