తడి గరిటె

ధర్మవరం

చిరంజీవి అమృతకు నాయన దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. మీ అమ్మ పోయాక ఈ ఇంట్లో అందరం అంటే నేనొక్కడినే కదా. బాగానే ఉన్నాను. ఆ కదిరి హాస్టల్లో నువ్వు వేళకు తింటున్నావని నమ్ముతున్నాను.

నువ్వడిగిన మోకాలి నొప్పి తగ్గింది. మగ్గం మీద ఆకుపచ్చ చీర సగం దాటింది. నా వంటలో చారు పరవాలేదు, సంగటి మాత్రం ఇంకా ఉండలు కడుతోంది.

పెరట్లో టబ్బులో అమ్మ పెంచిన వానపాముల సంగతి అడిగావు. "మొగునికన్నా ముందు వాటికి పెడ్తాండావే" అని నేను దెప్పితే, "అవి తిన్నదానికి ఎరువన్నా ఇస్తాండాయి, నువ్వేమిస్తాండావు?" అనేది. ఆమె పోయాక కూరగాయల తొక్కలు, టీ పొడి నేనే వేస్తూ, తడి గోనెపట్ట కప్పుతూ వచ్చాను.

ఇక ఫోన్లో చెప్పలేక దాటేస్తున్న మాట. దసరాకు వచ్చి, అమ్మ పెట్టిన మామిడికాయ ఊరగాయ ఒక సీసా నిండా తీసుకుపోతానన్నావు. అది లేదు తల్లీ.

జాడీలో తడి గరిటె పెట్టాను. అడుగుదాకా బూజు పట్టింది. మీ అమ్మ చేతిది చెత్తబండిలో వేయడానికి మనసొప్పలేదు. టబ్బులో వేస్తే ఎరువై ఆమె కనకాంబరాలకే పోతుందనుకుని మొత్తం కుమ్మరించాను. ఉప్పూ కారమూ వానపాములకు పడవని తట్టనే లేదు. తెల్లారి చూస్తే అంచులెక్కి బయటపడి, బండల మీద ఎండిపోయి ఉన్నాయి. లోపలివీ చచ్చాయి. అమ్మ పోయిన రోజు నలుగురూ ఉన్నారని ఏడవలేదు. ఆ పొద్దు ఆ బండల మీదే కూర్చుని ఏడ్చాను.

పక్కింటి షంషాద్‌బీ విని వచ్చింది. "ఏడ్చొద్దన్నా. వదినిచ్చినవి మా తొట్టిలో శానా ఉండాయి. ఇవీ మీ ఇంటివే" అని దోసెడు తెచ్చింది. టబ్బు కడిగి, కొత్త మట్టీ పేడా వేసి వదిలాం. తింటున్నాయి.

ఊరగాయ కూడా ఆమెకు ఒక గిన్నెడు ఇద్దామంది అప్పట్లో మీ అమ్మ. మనకే చాలదని నేనే అడ్డుపడ్డాను. ఇచ్చి ఉంటే ఈ రోజు పోయి నీకోసం అడిగేవాడిని.

జాడీ మాత్రం కడగలేదమ్మా. లోపల అంచున కాస్త ఎర్రగా అంటుకుని ఉంది, వాసన ఇంకా ఉంది. మూతికి గుడ్డ కట్టి పెట్టాను. నువ్వొచ్చాక విప్పుదాం.

ఇట్లు,
గరిటె తుడిచి పెట్టడం ఇప్పుడు నేర్చిన
మీ నాయన
శ్రీరాములు