అటకెక్కించిన నవ్వుల నవల

తమ్ముడూ, నేను కులాసాగానే ఉన్నాను గానీ, నీ ఉత్తరం చూసినప్పటి నుంచి ఒళ్ళు మండిపోతోంది.

మరదలు చదువుకుంటున్న పుస్తకాన్ని లాక్కుని అటకెక్కించావట. పైగా "రోదసిలో మరమనిషి కోతివేషాలు వేసే ఆ పాత నవల పెద్దవాళ్ళు చదవదగ్గదేనా అక్కా?" అని నన్నే తీర్పు అడుగుతావా? నువ్వు ఒక్క పేజీ అయినా తిప్పావా?

మా ఆసుపత్రి వార్డులో ఒక వెల్డరు ఉన్నాడు. నిప్పురవ్వలు పడి రెండు కళ్ళకూ కట్లు కట్టారు. చూపు రాదేమోనన్న దిగులుతో గోడవైపు తిరిగి పడుకుని, కట్టుకున్న భార్యతో కూడా మాట్లాడేవాడు కాదు. నా డ్యూటీ అయ్యాక రోజూ కాసేపు అదే నవల అతనికి చదివి వినిపించాను. తలుపు ఎవరు మూయాలని రోదసి ఓడ కెప్టెనూ మరమనిషీ పోట్లాడుకుంటుంటే, దిగాల్సిన చంద్రుణ్ణి ఓడ దాటిపోయే చోట పకపకా నవ్వాడు.

"మా షెడ్డులోనూ ఇదే గోల సిస్టర్! మేస్త్రీలు కొట్టుకుంటారు, పని మూలన పడుద్ది" అన్నాడు. అతని భార్య మొహం తిప్పుకుని ఏడ్చేసింది.

నిన్న కట్లు విప్పారు. ఎడమ కన్ను దక్కింది. మిగతా కథ తనే చదువుకుంటానన్నాడు.

చదవదగ్గదేనా అని ఇంకోసారి అడిగావంటే వచ్చి చెవి మెలిపెడతాను. ముందు ఆ పుస్తకం దించి మరదలి చేతికియ్యి. వంటింటి కుళాయి బాగు చేయించావా? నా ఉన్ని స్వెట్టరు పంపు, ఇక్కడ చలి కొరికేస్తోంది.

మరదలికి నా ఆశీస్సులు. నీకు మాత్రం ఆ నవల ఆఖరి పేజీ చదివాకే.

అక్క