బెల్లం గోతం మీద రెండు దెబ్బలు

లుసాకా, జాంబియా నుంచి

అన్నకు, వదినకు నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను. నాయన దగ్గు తగ్గిందా? వదిన మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి?

ఇక్కడ ఇప్పుడు చలి. పొద్దున స్వెట్టర్ తొడుక్కుని బడికి పోతాను, మధ్యాహ్నం చేతి మీద వేసుకుని వస్తాను. వీళ్ళ మొక్కజొన్న సంగటి అలవాటైంది. నంజుకోను మన ఊరిబిండి లేదన్న దిగులొక్కటే. నిజంగా బాగున్నాను, బెంగపడకండి.

పోయిన వారం స్టాఫ్ రూములో ఇద్దరు హెవీవెయిట్ బాక్సర్ల మీద వాదన. ఒకడి దెబ్బ తిన్నవాడు ఉన్నచోటే కూలుతాడు. ఇంకొకడి దెబ్బకు వెనక్కి పోయి రింగు తాళ్ళకు తగులుకుంటాడు. ఎవరిది గట్టి దెబ్బ? ఫిజిక్స్ టీచరువు, నువ్వే చెప్పమన్నారు. నోటుపుస్తకాలు దిద్దాలని లేచి వచ్చేశాను. ఆ రోజే నీ ఉత్తరం అందింది.

నువ్వు బాక్సింగ్ నేర్పుతున్నవాళ్ళలో కోలారు గనుల హెవీవెయిట్ల మీదికి ఎవరిని దింపాలో, మన మండీలో బెల్లం గోతం వేలాడదీసి తేలుస్తున్నానని రాశావు. ఎమ్మెస్సీ చదివేటప్పుడు నా చెల్లెలు కనిపెట్టిన లెక్క అని చెబుతున్నావట.

అన్నా, ఆ లెక్క తప్పు.

నీతో పోటీకి గనుల నుంచి ఆ బాక్సర్ దొరై వచ్చిన రోజు నువ్వు నాతో ఏమన్నావో గుర్తుందా? "వాని దెబ్బ నాకన్నా పెద్దదైతే నేను పోటీలో దిగను మే. నువ్వే సెప్పు." ముందు దొరై కొట్టాడు. గోతం ఎంతవరకు ఊగిందో పక్క గోడ మీద సుద్దముక్కతో గీశాను. నువ్వు చేతులకు గుడ్డ చుట్టుకునేలోగా నాయన ఎవరితోనో బేరం కుదుర్చుకుని, ఆ గోతంలోంచే పది బెల్లం అచ్చులు తీసి ఇచ్చాడు. తర్వాత నువ్వు కొట్టావు. నీ గీత జానెడు ముందుకు పడింది.

"సూడప్పా దొరై! నా గీత యాడుండాది, నీది యాడుండాది!"

"గోతాన్ని బాగానే కొట్టినావప్పా. అది తిరిగి కొట్టదు గదా!" అని నవ్వాడు దొరై.

నీ గీత గీస్తూనే గోతం మూతి వదులైపోవడం చూశాను. తేలికైన గోతం ఎక్కువ ఊగుతుందని నాకు తెలియక కాదు. నీ సంతోషం చూసి, తర్వాత చెబుదాంలే అనుకున్నాను. నాయన ముందు నా చదువు అక్కరకు రావడం నాకూ బాగుందేమో. పోటీలో రెండో రౌండులో దొరై చెయ్యి నీ ఎడమ చెవి మీద పడింది. "నా టైము బాగలేదు గానీ, లెక్క కరెక్టే" అని నువ్వు అన్నప్పుడల్లా నేను వంటింట్లోకి పోయేదాన్ని. ఇంత దూరం ఉద్యోగానికి రావడంలో అదీ ఉందేమో. నాకే తెలియదు.

నిండు గోతంతో కొలిచినా నాకిప్పుడు నమ్మకం లేదు. ఉన్నచోటే కూల్చే దెబ్బ సంగతి ఊపు చెప్పదు. ఆ కొలత చూసి ఎవరినీ దొరై లాంటి వాడి ముందుకు పంపొద్దు.

నా ఉత్తరాలు వదిన నీ కుడివైపు కూర్చుని బిగ్గరగా చదువుతుందని తెలుసు. వదినా, మధ్యలో ఆగొద్దు. అంతా చదువు.

నాయనకు నా దండాలు చెప్పండి. నీ ఆశీస్సులు అడగడానికి ఈసారి నోరు రావడం లేదన్నా. ఇన్నేళ్ళూ ఆ గీతల మీద సున్నం పడనివ్వలేదు నువ్వు. ఈసారి ఆ గోడకు కూడా కొట్టించు.

నీ చెల్లెలు
సుగుణ